రెండు డయోడ్లు, రెట్టింపు ఫ్రీక్వెన్సీ

రేడియో పవర్ సప్లైలో పెద్ద కెపాసిటర్ ఎండిపోతే స్పీకర్‌లో గుయ్యిమనే మోత మొదలవుతుంది. ఇంటి కరెంటు 50 హెర్ట్జ్, ఆ మోత మాత్రం 100 హెర్ట్జ్. రెక్టిఫైయర్ డయోడ్లు తరంగంలోని కింది సగాన్ని పైకి తిప్పడమే కారణం. రిపేరు బల్ల మీద లోపంగా కనిపించే ఈ గుణాన్నే హ్యామ్ రేడియో ఔత్సాహికులు పనిముట్టుగా మలచుకున్నారు.

ఫ్రీక్వెన్సీని రెట్టించే అవసరం క్వార్ట్జ్ క్రిస్టల్ వల్ల వచ్చింది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ క్వార్ట్జ్ పలక పలచబడాలి. 30 మెగాహెర్ట్జ్ దాటితే మామూలు పద్ధతిలో దాన్ని అరగదీయడమే కష్టం. అందుకే కింద నిలకడగా పలికే క్రిస్టల్‌తో మొదలుపెట్టి రెండింతలు, మూడింతలు చేసుకుంటూ పైకి వెళ్తారు. 144ను మూడింతలు చేస్తే 432, మరో మూడింతలకు 1296. ఈ మూడూ చాలా దేశాల్లో హ్యామ్ బ్యాండ్లలోనివే.

7 మెగాహెర్ట్జ్ నుంచి 14 రాబట్టడానికి చిన్న ఫెర్రైట్ రింగు, ఎనామిల్ రాగి తీగ, రెండు డయోడ్లు చాలు. మూడు తీగలను పురివేసి రింగుకు పది చుట్లు చుడతారు. ఏ కొస ఏ తీగదో మల్టీమీటర్‌తో తేల్చుకుని, రెండో తీగ చివరను మూడో తీగ మొదలుతో ముడివేసి గ్రౌండ్ చేస్తారు. మొదటి తీగకు సిగ్నల్ ఇచ్చి, మిగిలిన రెండు కొసలకు చెరో డయోడ్ అతికి, వాటి అవతలి చివరలను ఒకచోట కలుపుతారు. అక్కడ 7 మెగాహెర్ట్జ్ రెండు వైపుల నుంచి ఎదురెదురుగా వచ్చి రద్దవుతుంది, 14 కలిసి బలపడుతుంది.

ఆ రద్దు ఎంత బాగా జరిగితే సర్క్యూట్ అంత మంచిది. కాబట్టి అనుభవజ్ఞులు షాట్కీ డయోడ్లను ఒక్కొక్కటిగా కొలిచి, ఫార్వర్డ్ వోల్టేజీ సరిపోయే జంటను ఏరుతారు. వేళ్ల వేడికే రీడింగ్ జారుతుంది, చల్లారాక చదవాలి. ఆదర్శ సర్క్యూట్‌లోనూ 28 మెగాహెర్ట్జ్ హార్మోనిక్ 14లో అయిదో వంతు వోల్టేజీతో మిగులుతుంది. దాన్ని ఫిల్టర్ ఆపుతుంది.

మూడింతలు కావాలంటే అమరిక మారుతుంది. రెండు డయోడ్లను తలకిందులుగా పక్కపక్కన పెడితే తరంగం పై కొననూ కింది కొననూ సమానంగా కత్తిరిస్తాయి. సరి హార్మోనిక్‌లు పోయి బేసివి మిగులుతాయి.

ఇదంతా ఉచితంగా రాదు. నిరోధంలా పనిచేసే డయోడ్ రెండో హార్మోనిక్‌కు ఇవ్వగలిగేది గరిష్ఠంగా నాలుగో వంతు పవర్, మూడోదానికి తొమ్మిదో వంతు. 10 మిల్లీవాట్లు పోస్తే రెట్టింపు దగ్గర రెండున్నర మించవు. కెపాసిటెన్స్ మారే వ్యారాక్టర్ డయోడ్‌కు ఈ హద్దు లేదని 1956 నాటి మ్యాన్లీ-రో సూత్రాలు చూపాయి. ఫేజ్ నాయిస్, అంటే సిగ్నల్‌లోని సన్నని వణుకు, మాత్రం ఎలా రెట్టించినా కనీసం 6 డెసిబెల్స్ పెరుగుతుంది. అందుకే మొదటి క్రిస్టల్ శుభ్రంగా ఉండాలి.

ఇదే ఉపాయం అంతరిక్షానికీ వెళ్లింది. 2009లో ఎగిరిన హెర్షెల్ అంతరిక్ష టెలిస్కోప్‌లోని హైఫై అనే పరికరానికి లోకల్ ఆసిలేటర్ సిగ్నల్ ఇచ్చింది షాట్కీ డయోడ్ మల్టిప్లయర్ల వరసలే. 100 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో మొదలైన సిగ్నల్‌ను అవి అంచెలంచెలుగా 1900 దాకా చేర్చాయి. ఆ పరికరంతోనే టీడబ్ల్యూ హైడ్రే నక్షత్రం చుట్టూ ఉన్న ధూళి వలయంలో చల్లని నీటి ఆవిరిని గుర్తించినట్టు 2011లో ప్రకటించారు.