శోకమునకు గడువు ఎంత?

ఆప్తులు పోయినప్పుడు దుఃఖించుట వ్యాధి కాదు. కాని కొందరిలో ఆ దుఃఖము నెలలు గడచినను సడలక, జీవితమునే స్తంభింపజేయును. దీనిని వైద్యులు దీర్ఘశోక రుగ్మత అనుచున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పు 2022 జనవరిలో అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము గడువు 6 నెలలు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్‌వారు 2022 మార్చిలో సవరించిన గ్రంథములో పెద్దలకు 12 నెలలు, పిల్లలకు 6 నెలలు.

రెండింటిలోను ప్రధాన లక్షణము ఒకటే: పోయినవారికై తీరని తపన, లేదా ఎడతెగని తలపు. అమెరికా గ్రంథము దీనికి తోడు 8 లక్షణములను చెప్పి, కనీసము 3 ఉండవలెనన్నది. మరణమును నమ్మలేకపోవుట, తీవ్రమైన ఒంటరితనము, బ్రతుకు వ్యర్థమనిపించుట వానిలో కొన్ని.

ఈ నిర్వచనములో మెచ్చదగిన గుణమున్నది. మనోవ్యాకులతలో మనసు అన్నిటియందును ఆసక్తి కోల్పోవును. దీర్ఘశోకములో వేదన అంతయు పోయిన ఒక్కరి చుట్టే తిరుగును. ఈ భేదము తెలిసిననే తగిన చికిత్స సాధ్యము. “కాలమే మాన్పును” అని ఊరకుండుట సరికాదు.

అయితే గడువును లెక్కించుటకు మరణించిన తేదీ తెలియవలెను కదా! 2016 జూలై 22న చెన్నై దగ్గరి తాంబరమునుండి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరిన వైమానికదళపు ఏఎన్-32 విమానము బంగాళాఖాతముపై అదృశ్యమైనది. అందలి 29 మందిలో 8 మంది విశాఖపట్నములోని నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. సెప్టెంబరు 15న అందరును మరణించినట్లు భావించి, ఆ సంగతి కుటుంబములకు తెలిపినారు. 2024 జనవరి 12న, చెన్నై తీరమునకు సుమారు 310 కిలోమీటర్ల దూరమున, 3,400 మీటర్ల లోతున కనబడిన శకలములు ఆ విమానమువే కావచ్చునని రక్షణశాఖ ప్రకటించినది. ఈ మూడు తేదీలలో దేనినుండి నెలలు లెక్కింపవలెను?

అంతే కాదు. దేహము కనబడనప్పుడు మరణమును నమ్మలేకపోవుట రోగలక్షణమా, సహజమైన ఆశయా? అమెరికా పండితురాలు పాలీన్ బాస్ 1970 దశకములో, యుద్ధములో జాడ తెలియకపోయిన సైనికుల కుటుంబములను పరిశీలించి, ఇట్టి దానికి అస్పష్ట వియోగమని పేరు పెట్టినది. లోపము ఆ మనుష్యులలో లేదు, పరిస్థితిలో ఉన్నదని ఆమె వాదము. నిర్వచనములోని లక్షణముల పట్టిక ఈ భేదమును చూడలేదు.

దేశాచారమును మించిన శోకమే రుగ్మత అని రెండు గ్రంథములును చెప్పుచున్నవి. తెలుగునాట పెక్కు ఇండ్లలో నెలనెలా మాసికములు పెట్టి, ఏడాదికి సంవత్సరీకము జరుపుదురు. ఆరవ నెల ఆ ఇంట ఇంకను శోకకాలమే. ఈ దృష్టితో 12 నెలల గడువు మనకు ఎక్కువ తగినది.

కావున గడువు ఒక హెచ్చరిక మాత్రమే, తీర్పు కాదు. తండ్రిని కోల్పోయిన విద్యార్థి తిథినాడు కంటతడి పెట్టినచో ఉపాధ్యాయుడు కలవరపడనక్కరలేదు. తిండి, నిద్ర, చదువు, స్నేహము ఏదియు తిరిగి కుదుటపడకున్నచో మాత్రము నెలలు నిండువరకు వేచియుండక, మానసిక వైద్యుని సలహా కోరవలెను.