పాయింటు పోతే పోనీ, టైము మనది

కబడ్డీ చూసేవాళ్లలో చాలామంది పట్టు కోసం చూస్తారు. కూతకొచ్చినవాడి చీలమండ కార్నర్ కుర్రాడి చేతికి చిక్కిందంటే మైదానం చుట్టూ ఈలలే ఈలలు. తప్పు లేదు. కానీ మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో సంక్రాంతి పోటీలకు తువ్వాలు పరుచుకుని కూర్చునే పెద్దలు ఇంకోదానికి తల ఊపుతారు. గెలుస్తున్న జట్టు కావాలనే ఒక పాయింటు వదిలేసి, దాంతో టైము కొనుక్కోవడం వాళ్లకు ఇష్టం. నా మటుకు నాకు చెడుగుడులో ఇంతకు మించిన విద్య లేదు. దీన్ని పిరికితనం అనేవాళ్లకు ఆట సగమే తెలుసు.

లెక్క చూడండి. ఒక్కో కూతకు 30 సెకన్లు. వరసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై. అప్పుడూ ఉత్తచేతులతో తిరిగొస్తే కూతగాడు ఔటు, అవతలివాళ్లకు ఒక పాయింటు. చూసేవాళ్లకు అది శిక్ష, కెప్టెన్‌కు అది ధర. తన మూడు కూతలూ నిండా వాడుకుంటే 90 సెకన్లు చేతికొస్తాయి, పోయేది ఒక్క పాయింటు. నాలుగు పాయింట్ల ఆధిక్యంలో ఉన్నవాడికి ఇంతకంటే చవక బేరం ఎక్కడ దొరుకుతుంది? మదనపల్లె మార్కెట్లో టమాటా రైతు ధర జారేలోపు రెండు బాక్సులు తక్కువకు వదిలేసైనా మిగతా సరుకు గట్టెక్కించుకుంటాడు చూడండి, అదే తెలివి.

అయితే ఊరికే నిలబడితే టైము గడవదు. నడిగీత దాటి 3.75 మీటర్ల దూరంలో ఉన్న బాల్క్ లైను దాటకుండా వెనక్కొస్తే కూతగాడే ఔటు. కూత ఆగకూడదు. ఎదురుగా ఏడుగురు గొలుసు కట్టి నిలబడి ఉంటారు. వాళ్ల మధ్యలోకి వెళ్లాలి, ఎవరికీ అందకూడదు, ఎవరినీ అంటుకోవాలన్న ఆశ పడకూడదు. పాయింటు తేవడానికి కాళ్ల వేగం చాలు. పాయింటు తేకుండా అరనిమిషం బతకడానికి దమ్ము కావాలి, దాన్ని మించి నిబ్బరం కావాలి.

ఆఖరి కూతలో ఈ విద్య ఎంత పదునుగా ఉంటుందో చూడాలి. గంట మోగినా మొదలైన కూత పూర్తి కావాల్సిందే, అది నియమం. రెండు పాయింట్ల ఆధిక్యం, 28 సెకన్లు మిగిలాయి, డూ ఆర్ డై కూత మనది అనుకోండి. కుర్రాడు లోపలికి వెళ్లాడు. బాల్క్ లైను దాటాడు. ఎడమ కార్నర్ వైపు ఒక అడుగు వేసి, వాడి చేయి లేవగానే మడమ మీద తిరిగి కుడివైపు జారాడు. కవర్లు రెండడుగులు ముందుకొచ్చారు, వీడు అంతే వెనక్కి తగ్గాడు. బయట నుంచి కోచ్ అరుస్తున్నాడు: “రేయ్, రావద్దురా! పాయింటు పోతే పోనీ, టైము తినేయ్!” ఇక్కడ తొందరపడి మూడు సెకన్లు మిగలగా వచ్చేశాడంటే అంతా అయిపోయినట్టే. ఔటైనందుకు ఒక పాయింటు ఎలాగూ పోతుంది, పైగా అవతలివాడికి ఇంకో నిండు కూత దొరుకుతుంది. ఒక కూత ముగిసిన అయిదు సెకన్లలోపే అవతలివాళ్ల కూత మొదలవుతుందని తెలిసినవాడు అలాంటి పొరపాటు చెయ్యడు. గంట మోగేదాకా తిరిగి, నింపాదిగా గీత దాటి వస్తాడు. వాడు ఔటు, పాయింటు వాళ్లది, ఆట మనది. ఆ నింపాదితనానికి నేను చేతులెత్తి మొక్కుతాను.

పట్టేవాళ్ల వైపూ ఇలాంటి త్యాగమే ఉంది. ఆరుగురో ఏడుగురో లోపల ఉన్నప్పుడు కూతగాడు బోనస్ గీత దాటి ఒక కాలు మోపి, రెండోది గాల్లో ఉంచితే ఒక పాయింటు. చివరి నిమిషంలో తెలివైన జట్టు ఆ బోనస్‌ను పళ్లెంలో పెట్టి ఇస్తుంది. కార్నర్ కుర్రాడి చేతులు దురద పెడతాయి, కాలు కళ్లెదుటే ఉంటుంది. పట్టబోయి జారిందో, ముగ్గురు మీదపడ్డాక కూతగాడు చెయ్యి చాచి నడిగీత తాకాడో, ఒక్కటి పోవాల్సిన చోట ఇంకా ఎక్కువ పోతాయి. అందుకే చేతులు కట్టేసుకున్నట్టు వెనక్కి ఒరిగి ఊరుకోవాలి. ఊరుకోవడం నేర్పడం పట్టు నేర్పడంకంటే కష్టం.

ఇంకొకటుంది, వెనకబడిన జట్టు చేసేది. లోపల ఒక్కడే మిగిలాడు, ఆరుగురు బయట కూర్చున్నారు. గెలుస్తున్నవాళ్లు వాడిని ముట్టుకోరు, టైము నడిపిస్తారు. అప్పుడు ఆ ఒక్కడు తానే హద్దు గీత దాటేస్తాడు. వాడి పాయింటు ఒకటి, ఆలౌట్‌కు రెండు, మొత్తం మూడు సమర్పించుకుని ఏడుగురినీ లోపలికి తెచ్చుకుంటాడు. తన జట్టు కోసం తానే ఔటైనవాడికి చప్పట్లు కొట్టనివాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

చెడుగుడు ఎంత పాతదని అడిగితే పెద్దలు అభిమన్యుడి దాకా వెళ్తారు. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో ప్రదర్శించారు, 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకాల ఆట అయింది. గడియారంతో ఆడుకోవడంలో మహానుభావుడెవరంటే అనూప్ కుమార్ పేరే చెప్తాను. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌ మీద 27-25తో గట్టెక్కిన భారత జట్టులో ఆయన ఉన్నాడు, 2016లో కెప్టెన్‌గా అహ్మదాబాద్ ప్రపంచకప్ ఎత్తిందీ ఆయనే. ప్రో కబడ్డీ లీగ్‌లో ప్రదీప్ నర్వాల్ 2017లో ఒకే కూతలో ఎనిమిది పాయింట్లు తెచ్చాడు, పవన్ సెహ్రావత్ 2019లో ఒకే మ్యాచ్‌లో 39 రైడ్ పాయింట్లు కొట్టాడు. అవి మహాద్భుతాలే. కానీ బోనస్ గీత మీద అనూప్ నింపాదిగా వేసే ఒక్క అడుగు నాకు వాటితో సమానం.

హద్దు దాటితే ధర ఎంత అన్న ప్రశ్న ఎంత దూరం పోతుందో 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్లో లోకమంతా చూసింది. స్కోరు 28-28, ఆట ముగింపుకొచ్చింది. భారత కెప్టెన్ పవన్ డూ ఆర్ డై కూతకు వెళ్లి, ఎవరినీ తాకకుండానే లాబీలో అడుగుపెట్టాడు. ఇరాన్ ఆటగాళ్లు వెంటపడి వాళ్లూ లాబీలోకి వచ్చారు. పవన్ ఒక్కడే ఔటా, వెంట వచ్చినవాళ్లూ ఔటా? పాత నియమం ఒకటి చెప్తుంది, కొత్తది ఇంకోటి చెప్తుంది. చాలాసేపు ఆట ఆగిపోయింది. చివరికి భారత్ 33-29తో స్వర్ణం గెలిచింది. ఎవరేమన్నా నేను పవన్ పక్షమే. ఆ నెలలోనే రెండున్నర కోట్లకు పైగా ఇచ్చి మన తెలుగు టైటాన్స్ అతన్ని తీసుకుంది. 2014 నుంచి ప్రో కబడ్డీ ఆడుతున్నా టైటాన్స్ చేతికి ఇంకా కప్పు రాలేదు. రాహుల్ చౌదరి కాలం నుంచి కూతగాళ్లకు కొదవలేదు. గెలవాల్సిన ఆటను ఆఖర్లో నిలబెట్టుకోలేకపోవడమే మాలాంటి అభిమానులకు గుండెకోత.

అమెరికావాళ్ల ఫుట్‌బాల్‌లోనూ ఈ విద్యకు పెద్దపీటే. 2013 సూపర్ బౌల్లో 12 సెకన్లు మిగలగా బాల్టిమోర్ రేవెన్స్ ఆటగాడు శామ్ కోచ్ బంతి పట్టుకుని సొంత ఎండ్ జోన్‌లోనే తిరిగి, ఎనిమిది సెకన్లు తినేసి, రెండు పాయింట్లు కావాలనే ఇచ్చేశాడు. 34-31తో గెలిచారు. 2016లో సిన్సినాటి మీద వాళ్లే ఇంకో అడుగు వేశారు: ఎదుటివాళ్లను అడ్డంగా పట్టుకుని ఆపేసి, ఫౌళ్ల మీద ఫౌళ్లు చేసి మిగిలిన సెకన్లన్నీ కరిగించేశారు. మరుసటి ఏడాదే లీగ్ నియమం మార్చింది. టైము కోసం అలా మూకుమ్మడిగా ఫౌళ్లు చేస్తే పెనాల్టీ పడుతుంది, గడియారమూ వెనక్కి తిరుగుతుంది. నాకది న్యాయంగానే తోచింది. పాయింటు ఇచ్చి టైము కొనడం వేరు, ఎదుటివాడి చెయ్యి కట్టేసి టైము దొంగిలించడం వేరు.

మన దగ్గర పెరుగుతున్నది ఆ రెండోదే, కడుపు మండేదీ అందుకే. దెబ్బ తగలకపోయినా మోకాలు పట్టుకుని దొర్లడం, కట్టి ఉన్న బూటు లేసు విప్పి మళ్లీ కట్టడం, ప్రతి నిర్ణయానికీ అయిదుగురు అంపైర్ మీదికి ఎగబడటం. దీనికి పెట్టుకున్న పేరు “టైమ్ కిల్”! ఇందులో విద్యేముంది? దమ్ము లేనివాడు చేసే పని ఇది. గ్రీన్ కార్డు, యెల్లో కార్డు ఉన్నది ఇలాంటివాళ్ల కోసమే. కానీ ఊరి పోటీల్లో కార్డు తీసే ధైర్యం ఎంతమంది అంపైర్లకు ఉంది? సినిమాల సంగతి సరేసరి. ఆఖరి కూతంటే అందరి తలల మీదుగా దూకడమే అన్నట్టు చూపిస్తారు, పిల్లలు అదే నేర్చుకుంటున్నారు. చివరి నిమిషంలో మూడు పాయింట్ల ఆధిక్యంలో ఉండి కూడా హీరోలా దూకి, దొరికిపోయి, ఆట పోగొట్టుకుని ఏడుస్తున్నారు.

ఊళ్లలో పోటీలు పెట్టే అన్నలకూ, హైస్కూళ్ల పీఈటీ సార్లకూ నా మనవి ఇది. టైము అంపైర్ చేతి గడియారంలో దాచకండి. ఆటగాళ్లందరికీ కనబడేలా స్కోరు బల్ల మీద ఒక పెద్ద గడియారం పెట్టండి. దొంగ దెబ్బలకు నిర్దాక్షిణ్యంగా కార్డు తీయండి. వారానికి ఒక్కరోజైనా పిల్లల చేత పాయింటు తేకుండా 30 సెకన్లు లోపల తిరిగే కూత సాధన చేయించండి. ఈ సంక్రాంతికే మొదలుపెట్టండి.