బూట్ అయితే చాలదు

కొత్త కంప్యూటర్ కొన్నామంటే ప్రాసెసర్ ఏంటి, గ్రాఫిక్స్ కార్డు ఏంటి అని నాలుగు ప్రశ్నలు వేస్తారు. ర్యామ్ దగ్గరికి వచ్చేసరికి ‘ఎన్ని జీబీ?’ అని అడిగి ఊరుకుంటారు. దాని డబ్బా మీద ఇంకో రెండు సంగతులు రాసి ఉంటాయి: వేగం ఎంత, సీఎల్ ఎంత. ఆ రాసినదాన్ని దాటించి ర్యామ్‌ను ఎంతవరకు తీసుకెళ్లవచ్చో చూడటం చాలా ఏళ్లుగా నాకు ఇష్టమైన వ్యాపకం. బయాస్‌లోకి వెళ్లి అంకె పెంచడం పావుగంట పని. పెంచిన అంకెను నమ్మొచ్చో లేదో తేల్చుకోవడానికి వారాలు పడుతుంది. నాకు ఈ విద్య మీద మమకారం ఏర్పడింది ఆ వారాల వల్లే.

ర్యామ్‌లో ఒక్కో బిట్ ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్ ఉన్న చిన్న గదిలో ఉంటుంది. ఈ ఏర్పాటుకు ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్‌కు 1968లో పేటెంట్ వచ్చింది. ఇవాళ్టి డీడీఆర్5 లోనూ మూలసూత్రం అదే. కెపాసిటర్‌లో ఛార్జ్ ఉందా లేదా అన్నదాన్ని బట్టే ఒకటి, సున్నా. చిల్లు కుండలో నీళ్లలా ఆ ఛార్జ్ కారిపోతూనే ఉంటుంది. అందుకే మామూలు వేడిలో ప్రతి గదినీ 64 మిల్లీసెకన్లకు ఒకసారైనా చదివి మళ్లీ నింపాలన్నది నియమం. 16 జీబీ కిట్‌లో ఇలాంటి గదులు 13,743 కోట్ల పైచిలుకు. వేగం పెంచి, గడువులు తగ్గించి, ఇన్ని కోట్ల గదుల్లో ఒక్కటీ తప్పు చెప్పకూడదని కోరుకుంటున్నాం. ఎంత పెద్ద కోరిక కోరుతున్నామో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

ఈమధ్య మా మేనల్లుడు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి ఒక డీడీఆర్4 కిట్ తెచ్చుకున్నాడు. 8 జీబీ స్టిక్కులు రెండు. 3200 వేగం, టైమింగులు 14-14-14, వోల్టేజీ 1.35. స్టిక్కర్ మీద ఆ మూడూ చూడగానే నా మొహం వెలిగింది. ఆ కలయిక ఉందంటే లోపలివి దాదాపు ఖాయంగా శాంసంగ్ బీ-డై చిప్పులే. డీడీఆర్4 కాలంలో ఓవర్‌క్లాక్ చేసేవాళ్లందరూ వెతుక్కున్న చిప్పు అది. వోల్టేజీ కాస్త పెంచితే టైమింగులన్నీ కలిసికట్టుగా దిగుతాయి. మైక్రాన్ ఈ-డై కూడా వేగంలో బాగా పైకి పోతుంది గానీ, దాని టీఆర్‌సీడీ అనే టైమింగు మాత్రం ఎంత వోల్టేజీ ఇచ్చినా మెట్టు దిగదు. ఏ చిప్పు దేనికి లొంగుతుందో తెలుసుకోకుండా ఎవరో పెట్టిన విలువల్ని ఎత్తి మన బయాస్‌లో దించేస్తే పని జరగదు.

ముందు ఒక మాట చెప్పాలి. ఏ కిట్ అయినా మదర్‌బోర్డులో పెట్టి వదిలేస్తే జెడెక్ ప్రమాణం ప్రకారం నడుస్తుంది. ఇలాంటి కిట్లయితే మామూలుగా 2133 దగ్గర, 1.2 వోల్టుల మీద. డబ్బా మీది 3200 రావాలంటే బయాస్‌లో ఎక్స్‌ఎంపీ అనే ప్రొఫైల్ ఆన్ చేయాలి. 3200కి డబ్బు పోసి, ఏళ్ల తరబడి 2133 మీద వాడుకుంటున్న ఇళ్లు ఎన్నో చూశాను. ఓవర్‌క్లాకింగ్ సంగతి తర్వాత, ముందు ఆ ఒక్క స్విచ్ వేసుకోండి.

ఇక లెక్క. 3200 అంటే అసలు గడియారం 1600 మెగాహెర్ట్జ్, ఒక్కో టిక్కుకు రెండుసార్లు డేటా కదులుతుంది. టిక్కు నిడివి 0.625 నానోసెకన్లు. సీఎల్14 అంటే అడిగిన తర్వాత 14 టిక్కులు ఆగాలి, అంటే 8.75 నానోసెకన్లు. అదే 3600 సీఎల్18 కిట్ అయితే ఆగాల్సింది 10 నానోసెకన్లు. ఒకేసారి ఎక్కువ డేటా మోయడంలో ఆ రెండోది ముందుంటుంది, మొదటి జవాబు మాత్రం దానిదే ఆలస్యం. వేగం అంకె ఒక్కటే చూసి కొనేవాళ్లు ఈ లెక్క కట్టుకుంటే మంచిది. మావాడి లక్ష్యం 3800 సీఎల్14. అక్కడికి చేరితే నిరీక్షణ 7.4 నానోసెకన్లకు దిగుతుంది.

వోల్టేజీ 1.45 ఇచ్చాడు. బీ-డైకి అది పెద్ద భారం కాదు. అంతకన్నా ఎక్కువ వోల్టేజీతో అమ్మిన కిట్లూ ఉన్నాయి. మొదటి ప్రయత్నాల్లో తెర నల్లగా ఉండిపోయింది. అలాంటప్పుడు మదర్‌బోర్డు మీద సీమాస్ అని రాసి ఉన్న రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్ కొసతో కలిపి పట్టుకుంటే డిఫాల్ట్ విలువలు తిరిగొస్తాయి. నాలుగు విలువలు అటూ ఇటూ మార్చాక విండోస్ వచ్చింది.

“మావయ్యా, బూట్ అయింది!”

“అయింది సరేరా, నిలబడుతుందా?”

గంటసేపు గేమ్ ఆడి చూపించాడు. ఎక్కడా ఆగలేదు. చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. నా దృష్టిలో పరీక్ష అప్పటికి మొదలే కాలేదు. టెస్ట్‌మెమ్5 అనే చిన్న ప్రోగ్రాం పెట్టమన్నాను. అది ర్యామ్‌ను దాదాపు మొత్తం తన చేతిలోకి తీసుకుని, రకరకాల వరసల్లో బిట్లు రాసి, తిరిగి చదివి, రాసిందీ చదివిందీ ఒకటేనా అని చూస్తుంది. చాలాసేపు శుభ్రంగా నడిచింది. వాడు లేచి వెళ్లబోతుండగా ఒక్క ఎర్రర్ పడింది. ఒక్కటే. తర్వాత మళ్లీ శుభ్రం. “ఒక్కటే కదా మావయ్యా” అన్నాడు.

ఆ ఒక్కదాని గురించే నేను ఇంత పట్టుబట్టేది. ప్రాసెసర్ హద్దు దాటితే చాలాసార్లు మెషీన్ ఆగిపోతుంది, మనకు తెలుస్తుంది. ర్యామ్‌లో బిట్ తిరగబడితే ఏమీ ఆగకపోవచ్చు. ఆ బిట్ ఖాళీ జాగాలో ఉంటే ఎవరికీ నష్టం లేదు. కాపీ అవుతున్న ఫొటోలో ఉంటే, ఆ ఫొటో చెడిపోయిన రూపంలోనే డిస్కులోకి చేరుతుంది. విండోస్ అప్‌డేట్ మధ్యలో ఉంటే, ఎప్పుడో నెలల తర్వాత కారణం తెలియని తంటా మొదలవుతుంది. సర్వర్లలో ఈసీసీ ర్యామ్ ఒక బిట్ తప్పును తనే పట్టుకుని సరిచేస్తుంది. మన ఇళ్లలోని డెస్క్‌టాప్‌లలో ఎక్కువ వాటికి ఆ రక్షణ లేదు. డీడీఆర్5 చిప్పుల్లో లోపలే సరిదిద్దుకునే ఏర్పాటు ఉంది గానీ, అది చిప్పు లోపలి తప్పులకే. దారిలో జరిగే తప్పులకు కాదు. పైగా హద్దు దగ్గరపడుతున్న గుర్తుల్ని కూడా అది కప్పేస్తుంది. అందుకే పరీక్షలు జరిగినన్నాళ్లూ, వాళ్లమ్మ ఫొటోలన్నీ ఉన్న డిస్కు కేబుల్ తీసి పక్కన పెట్టించాను.

ఎర్రర్ ఎందుకొచ్చిందో వెతకడంలో ఒకే ఒక్క నియమం పాటిస్తాను: ఒకసారికి ఒక్క విలువే మార్చాలి. మార్చిన ప్రతిసారీ వేగం, వోల్టేజీ, టైమింగులు, స్టిక్కుల వేడి, గదిలో వేడి నోటుబుక్కులో రాసుకోవాలి. మేం మొదట అనుమానించింది టీఆర్‌ఎఫ్‌సీని. గదుల్లో ఛార్జ్ నింపుతున్నంతసేపూ ప్రాసెసర్ ఆ ర్యామ్‌ను వాడుకోలేదు. ఆ విరామం నిడివే టీఆర్‌ఎఫ్‌సీ. 8 గిగాబిట్ చిప్పుకు జెడెక్ ఇచ్చిన గడువు 350 నానోసెకన్లు. సగటున 7.8 మైక్రోసెకన్లకు ఒకసారి ఈ విరామం వస్తుంది కాబట్టి, మొత్తం కాలంలో దాదాపు నాలుగున్నర శాతం దీనికే పోతుంది. మంచి బీ-డై ఈ పని 160 లోపే ముగించగలదు. అప్పుడు పోయేది రెండు శాతమే. సీఎల్ మీద అందరి కళ్లూ ఉంటాయి గానీ, నాకు మాత్రం టీఆర్‌ఎఫ్‌సీ దగ్గరే ఎక్కువ ఆనందం. మావాడు దాన్ని 266 టిక్కులకు, అంటే 140 నానోసెకన్లకు దించాడు. 288 చేశాం. ఎర్రర్ పోయింది.

మర్నాడు క్యాబినెట్ పక్క తలుపు మూసి నడిపితే మళ్లీ వచ్చింది. స్టిక్కు మీది రేకును వేలితో తాకితే వెచ్చగా ఉంది. సెన్సర్ 50 డిగ్రీలకు దగ్గరగా చూపిస్తోంది. ముందురోజు తలుపు తీసి ఉండటం వల్ల పది డిగ్రీలు తక్కువగా నడిచింది, అంతే తేడా. వేడి పెరిగితే ఛార్జ్ కారడమూ పెరుగుతుంది. 85 డిగ్రీలు దాటితే రెట్టింపు సార్లు నింపాలని జెడెక్ చెప్పడానికి కారణమూ అదే. టైమింగులు బిగించిన బీ-డైకి ఆ 85 దాకా అక్కర్లేదు, 45-50 మధ్యనే తడబాటు మొదలవుతుంది. గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడిగాలి నేరుగా స్టిక్కుల మీదికే పోతుంది కాబట్టి, ర్యామ్ పరీక్ష ఒక్కటే నడిపితే అసలు వేడి బయటపడదు. పక్కన గ్రాఫిక్స్ కార్డుకూ పని పెట్టి చూడాలి. స్టిక్కుల వైపు ఒక చిన్న ఫ్యాన్ తిప్పి బిగించాం. దానికైన ఖర్చుకు, వచ్చిన నిలకడకు పోలికే లేదు.

మన ఊళ్లలో ఇంకో లెక్క ఉంది. డిసెంబరు రాత్రి పాసైన సెట్టింగ్ రోళ్లు పగిలే రోహిణి కార్తెలో పాసవుతుందని ఎవరూ పూచీ ఇవ్వలేరు. చలిదేశాల్లో కూర్చుని చెప్పే విలువల్ని హైదరాబాద్‌లో, బెజవాడలో వాడుకునేటప్పుడు ఇది మర్చిపోకూడదు.

పరీక్షల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది మెమ్‌టెస్ట్86లోని బిట్ ఫేడ్. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా బూట్ అవుతుంది, విండోస్‌తో పని లేదు. ర్యామ్ అంతటా ఒక వరస రాసి, కొన్ని నిమిషాలు ఏమీ చేయకుండా ఆగి, మళ్లీ చదువుతుంది. మిగతా పరీక్షలన్నీ ర్యామ్‌ను పరిగెత్తిస్తాయి. ఇది మాత్రం ఊరికే పట్టుకుని ఉండమంటుంది. తెర మీద చూడ్డానికి ఏమీ ఉండదు. ఆ నిమిషాల్లో కోట్లసార్లు ఛార్జ్ నింపే ఆజ్ఞలు వెళ్తుంటాయి, ప్రతి గదీ తనకిచ్చింది నిలుపుకోవాలి. మావాడు మొదట విసుక్కున్నాడు, తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

ద్రవ నత్రజని పోసి డీడీఆర్5ను 12,000 దాటించినవాళ్లు ఉన్నారు. ఆ నైపుణ్యం అంటే నాకు గౌరవం. అక్కడ అంకె రుజువు చేసేంతసేపు నిలబడితే గెలుపు. ఇంట్లో వాడే మెషీన్ రోజంతా, ఏడాదంతా నిలబడాలి. హద్దుల్ని గౌరవించడమూ ఈ పనిలో భాగమే. 2023లో రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కొన్ని కాలిపోయాక, ర్యామ్ ప్రొఫైల్ ఆన్ చేసినప్పుడు పెరిగే ఎస్ఓసీ వోల్టేజీ 1.3 దాటకుండా ఏఎండీ కళ్లెం వేసింది. వోల్టేజీ విషయంలో ‘ఆటో’ అన్న మాటను అప్పట్నుంచి నేను అసలు నమ్మను.

చివరికి ర్యామ్ అన్ని పరీక్షలూ దాటింది. అడ్డం పడింది ప్రాసెసర్. మావాడి రైజెన్ 5000లో లోపలి భాగాల్ని కలిపే ఫాబ్రిక్ ర్యామ్ గడియారంతో సమానంగా నడిస్తేనే లాభం. 3800కి అది 1900 దగ్గర ఉండాలి. విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిచి చూస్తే హార్డ్‌వేర్ హెచ్చరికలు వరసగా పడి ఉన్నాయి. వాడికి మనసొప్పలేదు. “ర్యామ్ పాసైంది కదా మావయ్యా” అన్నాడు. కిట్ హద్దు వేరు, సిస్టమ్ హద్దు వేరని చెప్పి 3733కి దించాం. నిరీక్షణ 7.5 నానోసెకన్లు. హెచ్చరికలు ఆగిపోయాయి. వాడు పోగొట్టుకున్నది నానోసెకనులో పదో వంతు.

మే నెలాఖర్లో ఏసీ ఆపేసి, గేమూ టెస్టూ కలిపి ఇంకోసారి నడుపుదామన్నాను. ఫొటోల డిస్కు తగిలించే ముందు ఇంకో కాపీ తీసి అక్క బీరువాలో పెట్టమని చెప్పాను. పెట్టాడు.