నీలి వల ఏమి చూపుతుంది? ఎలక్ట్రాన్ సాంద్రత పటాల ప్రదర్శనపై ఒక పరిశీలన

ఇందల్వాయి, ఆర్మూర్ ప్రాంతాల విద్యార్థులకు ఒక సంగతి చెప్పనవసరం లేదు. పసుపు కొనేవారు బస్తా పైభాగం చూసి ధర కట్టరు. లోపలి నుంచి కొమ్ము తీసి, విరిచి, రంగు చూస్తారు. పరిశోధన పత్రాల్లోని అణువుల బొమ్మల దగ్గరకు వచ్చేసరికి మనం ఆ జాగ్రత్త మరచిపోతాం. ప్రోటీన్ మధ్యలో ఒక చిన్న అణువు, దాని చుట్టూ నీలిరంగు వల కనిపిస్తే చాలు, బంధం రుజువైందనుకుంటాం.

ఆ వల ఏమిటో ముందు గుర్తుచేసుకోండి. ఎక్స్ కిరణ వివర్తనంలో మనం కొలిచేది తీవ్రతలను మాత్రమే. తరంగాల దశలు కొలతకు అందవు. ప్రోటీన్ల విషయంలో చివరి దశలను చాలావరకు మనం కట్టిన నమూనా నుంచే లెక్కిస్తాం. కాబట్టి పటంలో నమూనా నీడ కొంత ఎప్పుడూ ఉంటుంది. లేని అణువును నమూనాలో పెడితే, దాని ఛాయ పటంలో కొంత కనబడే అవకాశం ఉంది. అందుకే తేడా పటాన్ని కూడా చూడాలి. అందులో ఆకుపచ్చ రంగు నమూనాలో లోపించినదాన్ని, ఎరుపు రంగు అనవసరంగా చేర్చినదాన్ని సూచిస్తాయి.

ఇప్పుడు అసలు విమర్శకు వద్దాం. పైమోల్ సాఫ్ట్‌వేర్‌లో ‘కార్వ్’ అనే సదుపాయం ఉంది. ఎంచుకున్న పరమాణువుల నుంచి, ఉదాహరణకు 1.6 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలోపు ఉన్న వలను మాత్రమే ఇది ఉంచుతుంది, మిగిలినదాన్ని తీసేస్తుంది. బొమ్మ శుభ్రంగా ఉండటానికి ఇది ఉపయోగమే. అయితే కాంటూర్ స్థాయిని 1 సిగ్మా నుంచి 0.5కు దించి చూడండి. ఆ స్థాయిలో పటమంతా రొదతో నిండిపోతుంది. కార్వ్ ఆ రొదను కూడా అణువు ఆకారంలోనే కత్తిరిస్తుంది. నిజానికి ఏమీ లేనిచోట కూడా అణువుకు తొడుగు వేసినట్టు కనిపిస్తుంది. సిగ్మా అన్న పేరు కూడా కొంత మోసపుచ్చేదే. ఇక్కడ అది పటం మొత్తపు హెచ్చుతగ్గుల కొలత, దోషానికి కొలత కాదు. కార్వ్ దూరం, సిగ్మా స్థాయి రాయని బొమ్మను నేను సాక్ష్యంగా తీసుకోను.

ఇది ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. 2000లో నేచర్ స్ట్రక్చరల్ బయాలజీ పత్రికలో బొటులినమ్ విషపు బి రకం, దాని లక్ష్యమైన సినాప్టోబ్రెవిన్ పెప్టైడ్ కలిసి ఉన్న నిర్మాణం వెలువడింది. ప్రోటీన్ డేటా బ్యాంకులో దాని సంకేతం 1ఎఫ్83. మరుసటి ఏడాదే రుప్, సెగెల్కే అదే పత్రికలో ఆ పెప్టైడ్ ఉనికిని ప్రశ్నించారు. పెప్టైడ్‌కు స్పష్టమైన, అవిచ్ఛిన్నమైన సాంద్రత లేదన్న కారణంతో 2009లో పత్రాన్ని ఉపసంహరించారు. ఈలోగా తొమ్మిదేళ్లు గడిచిపోయాయి. ప్రయోగ దత్తాంశం లేకుండా ఇలాంటి తనిఖీ సాధ్యం కాదు. 2008 నుంచి దాన్ని సమర్పించడం డేటా బ్యాంకు తప్పనిసరి చేసింది.

మళ్లీ పసుపు దగ్గరకే వద్దాం. 2011లో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని అశ్వినీ నంగియా బృందం కుర్కుమిన్‌కు రెండు కొత్త స్ఫటిక రూపాలను వెల్లడించింది. వాటిలో ఒకటి అంతకుముందు తెలిసిన రూపం కంటే బాగా కరుగుతుందని చూపింది. అలాంటి చిన్న అణువుల స్ఫటికాల్లో సాధారణంగా ఒక్కో పరమాణువూ విడి శిఖరంగా కనిపిస్తుంది, వాదనకు చోటు తక్కువ. అదే కుర్కుమిన్ ఏదో ఒక వ్యాధి ప్రోటీన్‌లో అతుక్కున్నట్టు చూపే రంగుల బొమ్మలు లెక్కలేనన్ని. వాటిలో చాలా భాగం డాకింగ్ ఫలితాలు, అంటే కంప్యూటర్ అంచనాలు. వాటి వెనుక సాంద్రత పటమే ఉండదు. కానీ పైమోల్‌లో గీసినప్పుడు అంచనాకూ ప్రయోగానికీ ఒకే పుల్లలు, ఒకే రంగులు! మన జిల్లా పంట మీద ఎంత అభిమానం ఉన్నా ఈ తేడా మీరు అడిగి తెలుసుకోవాలి. స్ఫటికం నుంచి వచ్చినవీ లేకపోలేదు. డీవైఆర్‌కే2 అనే ఎంజైమ్‌తో కుర్కుమిన్ నిర్మాణం 2018లో ప్రచురితమైంది. దాని పటాన్ని తెరచి చూడవచ్చు.

చూడటానికి నేను కూట్ సాఫ్ట్‌వేర్‌నే సూచిస్తాను. అందం తక్కువ, మెనూలు కాస్త విసిగిస్తాయి. కానీ అది తెర మధ్యబిందువు చుట్టూ ఉన్న పటాన్నంతా చూపుతుంది, అణువు ఆకారంలో కత్తిరించదు. మౌస్ చక్రం తిప్పితే కాంటూర్ స్థాయి మారుతుంది. ముందుగా 1ఎఫ్83 పటాన్ని 1 సిగ్మా దగ్గర పెట్టి, ఎంజైమ్ గొలుసు చుట్టూ వల ఎలా ఉందో చూడండి. తరువాత స్థాయి మార్చకుండా పెప్టైడ్ దగ్గరకు జరగండి. చూసినది మీ అభ్యాస పుస్తకంలో రెండు వాక్యాల్లో రాసుకొని, ఆ తరువాతే పైమోల్‌లో కార్వ్ పెట్టి అదే చోటును మళ్లీ చూడండి.