ఒక పురుగు, ముప్పది దీపములు

అర అంగుళమైనను లేని పురుగును నిలువెత్తు బొమ్మగా గోడకు తగిలించినచో చూచువారు ముందుగా ఆశ్చర్యపడుదురు. ఆశ్చర్యము విజ్ఞానమునకు మంచి వాకిలియే. కాని వాకిలి వద్దనే నిలిచిపోయినవాడు ఇల్లు చూచినవాడు కాడు. ఆశ్చర్యము తీరిన పిమ్మట ఆ బొమ్మ ఏమి చెప్పుచున్నది, ఎట్లు చెప్పుచున్నది, చెప్పినదానిని ఎంతవరకు నమ్మవచ్చును అని విచారింపవలెను. ఆంగ్ల ఛాయాచిత్రకారుడు లెవాన్ బిస్ తీసిన 'మైక్రోస్కల్ప్చర్' చిత్రములు అట్టి విచారణకు తగినవి. ఇవి 2016లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ప్రకృతి చరిత్ర మ్యూజియములో ప్రదర్శింపబడినవి. 2017లో పుస్తకరూపమున వెలువడినవి. కీటకములను దగ్గరనుండి చిత్రించువారికి నాటినుండి ఇవి ఒక కొలబద్దయైనవి. ఆ కొలబద్దను సైతము ఒకసారి కొలిచి చూచుట మంచిది.

ఈ పని పుట్టుక సామాన్యమైనది. బిస్ కుమారుడు తోటలో పట్టితెచ్చిన ఒక పెంకుపురుగును తండ్రి చిత్రించెను. ఆ చిత్రములను చూచిన ఆక్స్‌ఫర్డ్ మ్యూజియమువారు తమ భాండారములోని కీటకములను ఆయనకు అందించిరి. వానిని ఎంపిక చేయుటలో అచ్చటి కీటకశాస్త్రజ్ఞుడు జేమ్స్ హోగన్ తోడ్పడెను. ప్రదర్శనలో కొన్ని చిత్రములు 3 మీటర్ల వరకు ఉండెను. వాని సరసనే అసలు కీటకములను కూడ ఉంచిరి. ఇది చిన్న విషయము కాదు. బియ్యపుగింజంత పురుగును, దాని పర్వతమంత బొమ్మను ఒక్క చూపులో చూచినవానికి పరిమాణజ్ఞానము చెడదు. పెద్ద బొమ్మలు మాత్రమే చూపి పిల్లలను భయపెట్టు ప్రదర్శనలు దీనిని గమనింపవలెను.

బిస్ ఎదుర్కొన్న మొదటి చిక్కు కటకమునకు సంబంధించినది. వస్తువును దగ్గరగా, పెద్దదిగా చూపు కొలది స్ఫుటముగా కనిపించు పొర పలుచనగును. సామాన్య ఛాయాచిత్రకారుడు కటకరంధ్రమును చిన్నది చేసి ఈ పొరను మందముగా చేసికొనును. కీటకముల విషయమున ఈ ఉపాయము కొంతదూరమే నడచును. రంధ్రము చిన్నదైన కొలది వివర్తనము వలన కాంతి చెదరును. రంధ్రమును ఎఫ్-16కు తగ్గించి, పురుగును దాని నిజ పరిమాణములోనే చిత్రించినచో, ఆ రంధ్రము ఎఫ్-32 వలె పనిచేయును. అప్పుడు ఒక్కొక్క కాంతిబిందువు సుమారు 43 మైక్రానుల మచ్చగా పరచుకొనును. 36 మెగాపిక్సెలుల పెద్ద కెమేరాలో ఒక్కొక్క పిక్సెలు వెడల్పు 5 మైక్రానులకు మించదు. అనగా ఒక చుక్క పడవలసిన చోట ఎనిమిది తొమ్మిది గడుల వెడల్పున మసక పరచుకొనును. లోతు కొరకు పోయినచో సూక్ష్మత పోవును. సూక్ష్మత కొరకు పోయినచో లోతు పోవును.

ఈ పేచీని బిస్ ఓపికతో తీర్చెను. 200 మిల్లీమీటర్ల కటకము ముందు పదిరెట్లు పెంచు సూక్ష్మదర్శిని కటకమును బిగించి, కెమేరాను ఒక్కొక్కసారి 10 మైక్రానులు మాత్రమే జరుపుచు వరుసగా చిత్రములు తీసెను. మనిషి వెండ్రుక మందము సుమారు 75 మైక్రానులు. అనగా వెండ్రుకవాసిలో ఏడెనిమిది అడుగులు. ప్రతి చిత్రమునందును స్ఫుటముగా ఉన్న పొరను మాత్రము గ్రహించి, కంప్యూటరు సాయమున అన్నిటిని ఒకటిగా పేర్చెను. పురుగు దేహమును సుమారు 30 భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమును ఇట్లే చిత్రించెను. ఒక కీటకమునకు 8000కు పైగా చిత్రములు, మూడు వారములకు పైబడిన కాలము పట్టెను.

ఈ అంకెలు ఒకదానితో నొకటి పొసగుచున్నవా యని పాఠకుడు లెక్కవేసి చూడవచ్చును. 8000 చిత్రములను 30 భాగములకు పంచినచో భాగమునకు సుమారు 270 వచ్చును. ఒక్కొక్కదానికి 10 మైక్రానుల చొప్పున 270 అడుగులు వేసినచో 2.7 మిల్లీమీటర్ల లోతు అగును. పెంకుపురుగు వీపు గుండ్రనకు ఇది తగినట్లే యున్నది. పదిరెట్లు పెంచు కటకమునకు స్ఫుటమైన పొర మందము 10 మైక్రానులకు కొంచెము లోపుగనే యుండును గనుక అడుగు పొడవు కూడ సరిగనే ఎన్నుకొనబడినది. ప్రచారము కొరకు చెప్పిన పెద్ద అంకెలు కావివి. పనికి అవసరమైన అంకెలు. ఈ భాగమున బిస్ పనిని వేలెత్తి చూపుటకు వీలులేదు.

అసలు విచారింపవలసినది వెలుగు సంగతి. బిస్ 30 భాగములను 30 వేర్వేరు వస్తువులుగా ఎంచి, కంటికి ఒక తీరున, మీసమునకు మరొక తీరున, రెక్క పెంకునకు ఇంకొక తీరున దీపములమర్చెను. ఆర్కిడ్ తేనెటీగల గూళ్లలో గ్రుడ్లు పెట్టు ఆకుపచ్చని కోకిల తేనెటీగ చిత్రములో ఒక్కొక్క గుంట అంచు కూడ చెక్కినట్లు తేలియుండుటకు కారణమిదియే. ఏ గుంటకు ఏ వెలుగు తగునో ఆ వెలుగే దానికి లభించినది. ఫలితము మనోహరము. అయితే లోకములో ఏ పురుగును ఒకేసారి ముప్పది సూర్యుల వెలుగులో నిలువదు.

ఈ సందేహము క్రొత్తది కాదు. 1665లో 'మైక్రోగ్రాఫియా'ను ప్రకటించిన రాబర్ట్ హుక్ దీనిని స్పష్టముగా గుర్తించెను. ఈగ కన్ను ఒక వెలుగులో సన్నని రంధ్రములు గల జల్లెడవలెను, ఎండలో బంగారు మేకులు దిగగొట్టిన పలకవలెను, మరొకవైపు త్రిప్పినపుడు గోపురముల వరుసవలెను కనిపించుటను ఆయన పీఠికలో వర్ణించెను. పొంగు ఏదో పల్లమేదో, నీడ ఏదో నల్లని మచ్చ ఏదో తెలిసికొనుట ఎంత కష్టమో చెప్పెను. అందువలన అనేక విధముల వెలుగులో పరిశీలించి, నిజమైన రూపము తేలిన తరువాతనే ఆయన కలము పట్టెను. చాలినంత వెలుగు కొరకు దీపము ముందు నీరు నింపిన గాజుగోళమును, దానికి తోడు ఒక కటకమును ఉంచుకొనెను.

కనుక అనేక వెలుగుల నుండి ఒక్క బొమ్మను కూర్చుట మోసమని బిస్‌పై నేరము మోపరాదు. హుక్ చేసినదియు అదియే. భేదము మరొకచోట నున్నది. హుక్ అనేక వెలుగులలో చూచి, తుదకు చూపరికి తికమక లేని రూపమును గీసెను. బిస్ అనేక వెలుగులలో చూచి, ఆ వెలుగులన్నిటిని బొమ్మలోనే నిలిపెను. మానవుని కన్ను వెలుగు పైనుండియే వచ్చునని తలచుటకు అలవాటుపడినది. చంద్రుని ఛాయాచిత్రమును తలక్రిందులుగా పట్టి చూచినచో గుంటలు గుట్టలుగా కనిపించుటకు హేతువిదియే. వెలుగు ఏ దిక్కునుండి వచ్చెనో తెలిసినచో కన్ను తన తప్పును దిద్దుకొనగలదు. భాగమునకొక దిక్కున వెలుగు మారినచో ఆ ఆధారము తప్పిపోవును. పెంకుపురుగులను గుర్తించుటలో పెంకుపై ఉన్నవి గుంటలా బొడిపెలా అనునది ముఖ్యమైన లక్షణము. అందుచే ఇది కేవలము సౌందర్యమునకు సంబంధించిన తగవు కాదు. ఇట్టి కూర్పుచిత్రమునకు ప్రక్కన ఒకే దీపముతో తీసిన చిన్న చిత్రమును, వెలుగుల దిక్కులను తెలుపు రేఖాపటమును చేర్చుట నియమము కావలెను.

రంగుల విషయమున చిక్కు మరింత సున్నితమైనది. నున్నని పెంకుపై చిన్న ఫ్లాష్ దీపమును వెలిగించినచో తెల్లని మెరుపుచుక్క పడును. నున్నని తలము దీపమునే అద్దమువలె చూపుటయే దానికి కారణము. దీపము ముందు పలుచని కాగితము అడ్డుపెట్టి వెలుగును విశాలము చేసినచో చుక్క కరగి మృదువైన కాంతిగా మారును. ధ్రువణ ఫలకములను అడ్డగించి అమర్చినచో మెరుపంతయు అణగిపోవును. కాని తెలుగు పల్లెలలో పిల్లలు అగ్గిపెట్టెలో దాచుకొను జీరంగిపై ఇట్లు చేసినచో ఆ పచ్చదనము నల్లబడును. దాని రంగు పూతరంగు కాదు. పెంకులోని పలుచని పొరల పరావర్తనము వలన పుట్టిన రంగు. అనగా మెరుపే రంగు. వెలుగు కోణము మారినచో రంగు కూడ మారును. అట్టి పురుగుకు 'నిజమైన రంగు' ఇదియని ఏ ఒక్క చిత్రమును చెప్పజాలదు.

ఈ పొరల రంగులు చావునకు లొంగవు. జర్మనీలోని మెస్సెల్‌లో దొరికిన సుమారు 4 కోట్ల 70 లక్షల సంవత్సరముల నాటి శిలాజములందలి పెంకుపురుగులు నేటికిని మెరయుచున్నవి. తూనీగ కన్నుల రంగు మాత్రము చచ్చిన కొలదికాలమునకే మాసిపోవును. భాండారములలోని ఎండిన కీటకములను ఆశ్రయించిన చిత్రకళ పెంకుపురుగులకు పెద్దపీట వేయుట సహజము. కాని ఈ చిత్రములే కీటకలోకమని తలచిన బాలుడు ఆ లోకమును లోహపు కవచముల కొట్టుగా ఊహించుకొను ప్రమాదము కలదు.

ఇందుకు విరుగుడు బిస్‌కు ముందే పుట్టినది. ఆంగ్లేయుడే యైన స్టీఫెన్ డాల్టన్ 1975లో 'బోర్న్ ఆన్ ది విండ్' అను గ్రంథమున ఎగురుచున్న కీటకముల చిత్రములను ప్రకటించెను. సెకనుకు 200 మార్లు రెక్కలాడించు ఈగ రెక్క కొన సుమారు 6 మీటర్ల వేగముతో కదలును. సెకనులో వెయ్యవ వంతు వెలుగు ఫ్లాష్‌తో తీసినచో ఆ కొన 6 మిల్లీమీటర్ల మసకగా మారును. డాల్టన్ 25,000వ వంతు కాలము మాత్రమే వెలుగు ఫ్లాష్‌ను సమకూర్చుకొనెను. మసక పావు మిల్లీమీటరుకు తగ్గెను. పురుగు తానే కాంతికిరణమును అడ్డుకొని కెమేరాను నడుపునట్లు అమర్చెను. 1977లో నక్షత్రాంతరములకు పంపబడిన వాయేజర్ నౌకల స్వర్ణఫలకమునందు ఆయన తీసిన చిత్రము ఒకటి చోటు సంపాదించినది.

డాల్టన్ చిత్రములలో గుంటలు లెక్కింప వీలుకాదు. బిస్ చిత్రములలో పురుగు కాలు కదపదు. మొదటివాడు ప్రాణము కొరకు సూక్ష్మతను, రెండవవాడు సూక్ష్మత కొరకు ప్రాణమును వదలుకొనిరి. కదలుచున్న చీమను గీయలేక దానికి బ్రాందీ పట్టించిన హుక్ కాలమునుండియు ఈ బేరము సాగుచునే యున్నది. ఇందులో బిస్ సాధించినది గొప్పది. మ్యూజియము సొరుగులలో సూదులకు గ్రుచ్చిన వస్తువులను సామాన్యులు ఎదుట నిలిచి చూచునట్లు చేసెను. అయితే ఆయనను అనుకరించువారు ఓపికను నేర్చుకొనక, నల్లని తెరను, తళుకును మాత్రము నేర్చుకొనుచున్నచో విజ్ఞానమునకు లాభము లేదు.

ఈ పరీక్షకు మ్యూజియము అవసరము లేదు. 200 మిల్లీమీటర్ల కటకము ముందు పాత 50 మిల్లీమీటర్ల కటకమును త్రిప్పి బిగించినచో నాలుగు రెట్ల పెద్ద బొమ్మ వచ్చును. ఎండిన జీరంగి నొకదానిని కదలకుండ అమర్చి, ఒకే దీపమును నాలుగు దిక్కులను మార్చుచు నాలుగు చిత్రములు తీసి, ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. వానిలో ఏది గుంటయో, ఏది బొడిపెయో విద్యార్థులు వాదించుకొన్నచో, ఏ బొమ్మనైనను 'వెలుగు ఎటునుండి వచ్చినది?' అని ప్రశ్నించు అలవాటు వారికి పట్టువడును.