‘శాశ్వత నివాసులు లేరు’: ఫిలిప్ సాండ్స్ ‘ది లాస్ట్ కాలనీ’

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి డాట్ ఐఓ అనే డొమైన్ బాగా తెలుసు. ఇన్‌పుట్, అవుట్‌పుట్ గుర్తొస్తుంది కాబట్టి స్టార్టప్ పెట్టినవాళ్ళు చాలామంది దాని వెంట పడ్డారు. నిజానికి ఆ రెండక్షరాలూ ఒక చోటుకి ఇచ్చిన గుర్తు: బ్రిటిష్ ఇండియన్ ఓషన్ టెరిటరీ. 1965 నవంబరు 8న లండన్‌లో ఒక ఉత్తర్వుతో పుట్టించారు దాన్ని. ఆఫ్రికాలో ఒక్కో దేశం నుంచీ జెండా దించుకుంటున్న రోజుల్లో బ్రిటన్ కొత్తగా ఒక వలస రాజ్యాన్ని తయారుచేసుకుంది! ఎందుకు, ఎట్లా అన్నదే 2022లో వచ్చిన ‘ది లాస్ట్ కాలనీ’.

కథ క్లుప్తంగా చెప్తాను. మారిషస్ స్వాతంత్ర్యం అడుగుతోంది. అమెరికాకేమో హిందూ మహాసముద్రంలో సైనిక స్థావరం కావాలి. 1965 సెప్టెంబరులో బ్రిటన్ ప్రధాని హెరాల్డ్ విల్సన్, మారిషస్ నాయకుడు శివసాగర్ రామ్‌గులాంతో విడిగా మాట్లాడాడు. ఆయన్ని ఆశతోనే భయపెట్టండి, స్వాతంత్ర్యం తీసుకుని వెళ్ళొచ్చు, ఉత్త చేతులతోనూ వెళ్ళొచ్చు అన్న అర్థం వచ్చే నోటు ఒకటి విల్సన్‌కి ముందే అందింది. చాగోస్ దీవులు మారిషస్ నుంచి విడిపోయాయి. పరిహారం ముప్పై లక్షల పౌండ్లు. 1968 మార్చి 12న మారిషస్‌లో జెండా ఎగిరింది. ఇటు బ్రిటన్‌కి పొలారిస్ క్షిపణుల బిల్లులో కోటీ నలభై లక్షల డాలర్ల తగ్గింపు దొరికింది, అదీ గుట్టుగా. 1973 నాటికి దాదాపు పదిహేను వందలమందిని దీవుల నుంచి ఖాళీ చేయించి, మారిషస్, సేషెల్స్ రేవుల్లో దింపేశారు. డియెగో గార్సియాలో వాళ్ళు పెంచుకున్న కుక్కల్ని గ్యాస్ పెట్టి చంపారు.

ఈ పుస్తకంలో నన్ను పట్టేసింది క్షిపణులు కాదు, ఒక మాట. వలస రాజ్యంలో శాశ్వత జనాభా ఉంటే ఐక్యరాజ్యసమితికి లెక్క చెప్పుకోవాలి. అందుకని అక్కడ శాశ్వత నివాసులే లేరనీ, ఉన్నవాళ్ళు కొబ్బరి తోటల కాంట్రాక్టు కూలీలనీ అధికారులు రాసుకున్నారు. మడగాస్కర్, మొజాంబిక్‌ల నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ పిల్లల పిల్లలు వాళ్ళు. వాళ్ళ తాతల సమాధులు, చర్చిలు ఆ దీవుల్లోనే ఉన్నాయి. మా చౌడేపల్లె చుట్టుపక్కల డీకేటీ భూములున్నోళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. తాత దున్నిన చెక్కే కావచ్చు, అడంగల్‌లో ఏం రాసుంటే నువ్వు అంతే.

సాండ్స్ అంతర్జాతీయ న్యాయవాది. 2010 నుంచి ఏళ్ళ తరబడి మారిషస్ తరఫున వాదించాడు, ఆ సంగతి దాచుకోడు. చట్టం చరిత్రకి పక్కనే లిజ్‌బీ ఎలిసే జీవితాన్ని పెట్టి నడిపిస్తాడు. 1973లో పెరోస్ బానోస్ నుంచి ఓడ ఎక్కించేనాటికి ఆమెకి ఇరవై ఏళ్ళు, కడుపుతో ఉంది. ఆ బిడ్డ దక్కలేదు. 2018లో ద హేగ్ అంతర్జాతీయ న్యాయస్థానంలో ఆమె మాట వినిపించారు. చదవడం, రాయడం రాదు కాబట్టి రాతపూర్వక వాంగ్మూలం కాకుండా, క్రియోల్‌లో మాట్లాడింది వీడియో తీసి ప్రదర్శించారు. పుస్తకంలో అన్నిటికన్నా బలమైన చోటు ఇదే. రచయిత కూడా ఇక్కడ కాస్త పక్కకి జరిగి ఆమెని మాట్లాడనిచ్చాడు.

రాజకీయం చెప్పేటప్పుడూ తడబడడు. ఈ వ్యవహారాన్ని న్యాయస్థానానికి పంపాలా అని 2017 జూన్‌లో ఐక్యరాజ్యసమితిలో ఓటింగ్ జరిగితే 94 దేశాలు ఔనన్నాయి, 15 కాదన్నాయి. ఆఫ్రికా దేశాలు మారిషస్ వెంట నిలిచాయి. బ్రిటన్‌కి అండగా నిలవాల్సిన యూరప్ దేశాలు చాలావరకు తటస్థంగా ఉండిపోయాయి. బ్రెగ్జిట్ ఓటు అయ్యి అప్పటికి ఏడాదే మరి. 2019 ఫిబ్రవరి 25న పదమూడు మంది న్యాయమూర్తులు ఒకవైపు, ఒక్కరు ఇంకోవైపు: చాగోస్‌ని విడదీయడం చట్టబద్ధం కాదు, బ్రిటన్ వీలైనంత త్వరగా అక్కడి పాలన ముగించాలి అన్నారు.

నా పేచీ ఇక్కడ్నించే. సాండ్స్ కథలో అన్యాయం లండన్‌లో పుడుతుంది, న్యాయం మారిషస్ గెలుపులో దొరుకుతుంది. మరి మారిషస్? 1972లో బ్రిటన్ ఇచ్చిన ఆరున్నర లక్షల పౌండ్లు నిర్వాసితులకి పంచడానికి ఆ ప్రభుత్వానికి ఐదారేళ్ళు పట్టింది. ఈలోగా వాళ్ళు పోర్ట్ లూయిస్ మురికివాడల్లో బతికారు. ఈ విషయం మీద పుస్తకం నిలబడిన సమయం నాకు చాల్లేదు. తన కక్షిదారుని వకీలు ఎంతని నిలదీస్తాడులే! కానీ చదివేవాళ్ళం మనం వకీళ్ళం కాదు కదా. న్యాయస్థానంలో కూడా లిజ్‌బీ సాక్షి మాత్రమే, కక్షిదారు కాదు. ఆమె తన ఊరు అడిగింది, తీర్పు సార్వభౌమత్వం గురించి వచ్చింది. ఈ రెండిటికీ మధ్యనున్న ఎడం గురించి సాండ్స్ ఇంకొక అధ్యాయం రాసుండాల్సింది.

తెలుగు పాఠకుడికి ఇది దూరపు గొడవ అనిపించొచ్చు. మారిషస్ అంటే మనకి 1990 ప్రపంచ తెలుగు మహాసభలు, అక్కడి తెలుగువాళ్ళ ఉగాది, లేదంటే హనీమూన్. నాకైతే చదువుతున్నంతసేపూ శ్రీహరికోట మెదిలింది. చాగోస్ ఖాళీ అవుతున్న ఆ ఏళ్ళలోనే, 1969లో, రాకెట్ కేంద్రం కోసం ఆ దీవిని ఎంచుకున్నారు. అడవి మీదా చేపల మీదా బతికిన యానాదుల్లో చాలామంది బయటికి రావాల్సొచ్చింది. 1971 అక్టోబరులో మొదటి రాకెట్ ఎగిరింది. రెండూ ఒకటే అనను. అక్కడ పరాయి రాజ్యం బేరం పెట్టుకుంది, ఇక్కడ మన ప్రభుత్వమే దేశం పని అంది. కానీ ప్రతి ప్రయోగానికీ ఫోన్లో కౌంట్‌డౌన్ చూసే నాలాంటివాళ్ళం యానాదుల గురించి ఎన్నిసార్లు అడిగాం? వలస రాజ్యం మీద కోపం తెచ్చుకోవడం సులువు, సొంత రాజ్యం దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గుతుంది. సాండ్స్‌కి మారిషస్ దగ్గర జరిగింది కూడా ఇట్లాంటిదేనేమో.

పుస్తకం వచ్చిన మూడేళ్ళకి, 2025 మే 22న, బ్రిటన్, మారిషస్ ఒప్పందం చేసుకున్నాయి. సార్వభౌమత్వం మారిషస్‌ది, డియెగో గార్సియా స్థావరం తొంభై తొమ్మిదేళ్ళ లీజు, ఏడాదికి సగటున పది కోట్ల పౌండ్ల పైచిలుకు. మారిషస్ తరఫున సంతకం చేసింది శివసాగర్ కొడుకు నవీన్ రామ్‌గులాం. మిగతా దీవుల్లో నివాసానికి ఒప్పందంలో చోటుంది, డియెగో గార్సియాలో లేదు. ఆ దీవిలోనే పుట్టిన ఇద్దరు స్త్రీలు, మమ్మల్ని అడక్కుండా ఇదేంటని ఆ తెల్లవారుజామున లండన్ హైకోర్టులో స్టే తెచ్చుకున్నారు. మధ్యాహ్నానికి స్టే ఎత్తేశారు. ఆ రోజే సంతకాలు అయిపోయాయి.