ఖైదీ వైపు మోగే గజ్జెలు

రామదాసు చరిత్రకు ఆయువుపట్టు ఒక లెక్క. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న శిస్తు వసూలు చేశాడు. ఆ సొమ్ము గోల్కొండ ఖజానాకు చేరలేదు. భద్రాచలంలో గుడి అయింది, గోపురమైంది, సీతమ్మవారి మెడలో నగ అయింది. మొత్తం ఆరు లక్షల వరహాలని కథ చెబుతుంది. ఇవాళ ఆడిట్ వాళ్లు వస్తే ఈ పనికి ఏ పేరు పెడతారో మనకు తెలుసు. అయినా నవమి పందిట్లో హరికథ వింటూ కూర్చున్న రెవెన్యూ ఉద్యోగి సైతం, గోపన్నకు పన్నెండేళ్లు చెర అనేసరికి కండువాతో కళ్లు ఒత్తుకుంటాడు.

భక్తి వల్లే అనేస్తే హరికథకుల పనితనాన్ని చిన్నబుచ్చినట్టే. తప్పు చేసినవాడి మీద జనానికి ప్రేమ పుట్టించడం ఒక విద్య. గౌతమి ఒడ్డున కపిలేశ్వరపురంలో ఆ విద్యకు ఒక బడి ఉంది. జమీందారీ కుటుంబానికి చెందిన ఎస్.బి.పి.బి.కె. సత్యనారాయణరావు 1970ల్లో నెలకొల్పిన శ్రీ సర్వారాయ హరికథా పాఠశాల అది. ఒకప్పుడు మగవాళ్లదే అనుకున్న ఈ కళను అక్కడ ఆడపిల్లలకు నేర్పుతారు.

ఆ దశకంలోనే, 1974లో, అమెరికాలో ఇదే విద్య చూపిన ‘ది లాంగెస్ట్ యార్డ్’ అనే సినిమా వచ్చింది. రాబర్ట్ ఆల్డ్రిచ్ దర్శకుడు, బర్ట్ రేనాల్డ్స్ కథానాయకుడు. అందులో పాల్ క్రూ ఒకప్పటి పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడు. డబ్బుకు ఆట అమ్ముకున్నాడన్న మచ్చ పడి బయటికొచ్చాడు. తప్పతాగి, ప్రియురాలి కారు ఎత్తుకెళ్లి నీళ్లలోకి తోసి జైలుకు చేరతాడు. అక్కడ ఖైదీలను ఒక జట్టుగా కూర్చి కాపలాదారుల జట్టుతో ఆడాలి. మధ్యలో జైలు అధికారి, ఓడిపొమ్మని బెదిరిస్తాడు. క్రూ కాసేపు లొంగుతాడు కూడా. చివరికి తిరగబడి ఒక్క పాయింటు తేడాతో గెలుస్తాడు. పడీపడీ నవ్వుతూనే జనం ఆ దగాకోరు పక్షాన చేరిపోయారు.

గోపన్న భక్తుడు, క్రూ పోకిరీ. ఇద్దరినీ ఒకే గాటన కట్టకూడదు. కానీ వాళ్ల మీద మనకు మనసు పోయే దారి మాత్రం ఒకటే. ఆ దారి ఎలా వేస్తారో హరికథలో బాగా కనిపిస్తుంది.

మొదటి మెట్టు, తప్పును దాచకపోవడం. కథకురాలు తన పాత్రను వెనకేసుకు రాదు. శిస్తు సొమ్ము గుడికి పెట్టాడని వచనంలో తేటగా చెప్పేస్తుంది. అక్కడ రాగం లేదు, చిడతల మోత లేదు. నేరం మాటలోనే ఉండాలి, శిక్ష పాటలోకి రావాలి. శ్రోత ముందే తీర్పు చెప్పేసుకుంటాడు గనక ఆ తరువాత పాట వచ్చి ఆ తీర్పును కొంచెం కొంచెంగా కరిగిస్తుంది.

రెండోది పిట్టకథ. చెరసాల ఘట్టం బరువెక్కి పందిట్లో ముక్కులు చీదడం వినిపించగానే, కథకురాలు చిడతలు చంకన పెట్టి ఊళ్లోకి వచ్చేస్తుంది. ఓ పిసినారి మామగారో, అప్పు ఎగ్గొట్టిన అల్లుడో దిగుతారు. మృదంగం వాయించే ఆయన్ని “ఏమండీ, మీ ఊళ్లో ఇంతేనా?” అని కవ్విస్తుంది. ఆయన రెండు దెబ్బలతో జవాబిస్తాడు. నవ్వి నవ్వి జనం తేరుకునేలోపు కథ మళ్లీ చెరలోకి వెళ్లిపోతుంది. నవ్విన గుండె మీద కొరడా దెబ్బ గట్టిగా తగులుతుంది. పిట్టకథ కాలక్షేపానికి వేసిన అతుకు అనుకునేవాళ్లు ఈ లెక్క చూడలేదు.

మూడోది నిందాస్తుతి. గోపన్న చెరలో దేవుణ్ణి బతిమాలి ఊరుకోడు. నీకు ఇన్ని నగలు చేయించానే, వాటి ఖరీదు ఎవరిచ్చారనుకున్నావని నిలదీస్తాడు. ఆనక, బాధకు తాళలేక తిట్టానయ్యా అని తనే కాళ్ల మీద పడతాడు. శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును శతకమంతా దెప్పిపొడిచిన కాసుల పురుషోత్తమకవి నుంచి మనకు ఈ చనువు అలవాటే. పెద్దవాణ్ణి ఎదిరించి, ఆ వెంటనే నాలుక కరుచుకునేవాడు మన ఇంటివాడిలా అనిపిస్తాడు.

నాలుగోదే అసలు కిటుకు. 1964లో చిత్తూరు నాగయ్య తీసిన ‘రామదాసు’లో గానీ, 2006లో వచ్చిన ‘శ్రీరామదాసు’లో గానీ రామదాసుకు ఒక నటుడు, అతన్ని చెరలో పెట్టిన గోల్కొండ సుల్తాను తానీషాకు ఒక నటుడు. మన ప్రేమకు ఒక మొహం, కోపానికి ఇంకో మొహం దొరుకుతాయి. హరికథలో ఉన్నది ఒక్క మనిషి. పట్టుచీర కాసెపోసి, మెడలో దండ, కాళ్లకు గజ్జెలతో నిలబడ్డ అమ్మాయే నవాబు, బంటు, ఖైదీ, ఖైదీ భార్య. కుడివైపు తిరిగి అఠాణా రాగంలో గర్జిస్తుంది. ఎడమవైపు తిరిగి ముఖారిలో ఏడుస్తుంది. ఇప్పుడు కొరడా ఎత్తిన చెయ్యే మరుక్షణం ఆ దెబ్బకు ముడుచుకుంటుంది. కొట్టినవాడిదీ పడ్డవాడిదీ ఒకే మొహమైనప్పుడు ఎవరినని ద్వేషిస్తాం?

ఇదంతా గాలివాటంగా వచ్చేది కాదు. సంగీతం, నృత్యం, అభినయం, సంస్కృతాంధ్రాలు, లయ, సమయస్ఫూర్తి అన్నీ ఒక్క ఒంట్లో ఇమడాలి. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) రెండు చేతులు, రెండు కాళ్లు, తలతో ఐదు తాళాలు ఒకేసారి నడిపేవారని ప్రసిద్ధి. 1919లో విజయనగరం సంగీత కళాశాలకు మొదటి అధ్యక్షుడైన ఆయన, ఈ కళను కాలక్షేపం స్థాయి నుంచి పాండిత్యం స్థాయికి ఎత్తారు. కపిలేశ్వరపురం బడి ఆ ఎత్తును పల్లెటూరి ఆడపిల్లలకు అందుబాటులోకి తెచ్చింది. ఇంట్లో గట్టిగా మాట్లాడితేనే కసురు తినే వయసు పిల్ల, వేదికెక్కి గోల్కొండ సుల్తానై హుంకరిస్తుంది. ఊళ్లో పెద్దలంతా కింద కూర్చుని, ఆమె అడిగినప్పుడల్లా “గోవిందా” అంటారు.

ఆ గోవిందలోనూ పనితనముంది. సినిమాకు మనం ప్రేక్షకులం. హరికథకు సాక్షులం. రామలక్ష్మణులు బంట్ల వేషంలో వచ్చి బాకీ తీర్చారని కథ అన్నప్పుడు, గోవిందా అని పలికిన ప్రతివాడూ ఆ రసీదు మీద సంతకం పెట్టినట్టే. ఖైదీ విడుదలకు పందిరంతా పూచీ పడుతుంది.

ఇప్పుడు ఉత్సవాలకు హరికథ పెట్టినా గంటలో ముగించమంటున్నారు. గంటలో కథ చెప్పొచ్చు. తప్పు చెప్పి, తిట్టుకోనిచ్చి, నవ్వించి, ఏడిపించి, మనసు మార్చడానికి గంట చాలదు. మీ ఊరి కమిటీలో మీ మాట చెల్లితే మూడు గంటలు ఇప్పించండి, మైకు సెట్టు వాడికి నచ్చకపోయినా సరే.

చివరగా ఒక సంగతి. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కింది. తానీషాను బందీగా దౌలతాబాదు కోటకు తీసుకుపోయారు. మళ్లీ గోల్కొండ చూడకుండా ఆ చెరలోనే కన్నుమూశాడు. రామదాసును చెరలో పెట్టినవాడే ఖైదీ అయిన ఈ కథకు కొత్త మొహం అక్కర్లేదు, హరికథలో ఇద్దరిదీ ఒకే మొహం. కపిలేశ్వరపురంలో చదివే ఏ అమ్మాయైనా దాన్ని కథగా కట్టుకుని గజ్జె కడితే, ముందు వరసలో కూర్చుని నేనూ గోవిందా అంటాను.